విమానాశ్రయానికి గడప

నేనొక విమానాశ్రయం కట్టాను. ఎక్కడ కట్టావని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తాను.

ఈమధ్య కొందరు కుర్రాళ్ళు బరంపురం లంజిపల్లిలో మా ఇంటికి వచ్చారు. ఐటీఐ పూర్తి చేసి, నేను పనిచేసిన యార్డులోనే కొత్తగా చేరారట. స్కూటర్లు వీధికి అడ్డంగా పెట్టి, పక్కింటావిడ చేత చీవాట్లు తిని, లోపలికొచ్చి కూర్చున్నారు.

"ఎయిర్‌పోర్టు ఎక్కడ కట్టారు సార్?"

"ఛత్రపురం అవతల, ఇసక నేలలో."

"ఎయిర్‌పోర్టు బరంపురం బయట కదా సార్ ఉంది?"

"ఉన్నది అక్కడ. కట్టింది ఇక్కడ."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముసలాళ్ళ దగ్గర కుర్రాళ్ళు చూసుకునే చూపు అది. నేనూ ఒకప్పుడు చూసినవాణ్ణే. అందుకని కోపం రాలేదు, టీ ఇప్పించి పంపేశాను. తర్వాత కూర్చుని ఇది రాస్తున్నాను. ఏ హోదాలో చేరి ఏ హోదాలో దిగిపోయాను అన్నవి ఇందులో ఉండవు. వాటి మీద మా ఆవిడకే ఆసక్తి లేదు, మీకెందుకు ఉంటుంది?

డబ్బాల పని

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను గది బయట నిలబెట్టారు. బయట బాగుంది. మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. కిటికీ గ్రిల్లులు చేసే కొట్లో చేరాను. మేస్త్రి సుద్దముక్కతో నేల మీద పువ్వులు గీస్తే వాటిని ఇనప కడ్డీలో వంచడం నా పని. కొన్నాళ్ళకి సుద్దముక్క నా చేతికొచ్చింది. చాలా ఏళ్ళకి సుద్దముక్క పోయి కంప్యూటరు వచ్చింది. తప్పు గీస్తే కాలితో చెరిపేసే సౌకర్యం ఒక్కటే దానికి లేదు.

మా యార్డు యజమానిది బరంపురంలో తాతల నాటి నుంచి ఇనప వ్యాపారం చేసే తెలుగు కుటుంబం. అందరూ ఆయన్ని సావుకారు గారనే పిలుస్తారు. ఆయన ఛత్రపురం దగ్గర యార్డు పెట్టి నన్ను పిలిచారు. అక్కడ గదుల్ని నేల మీద కట్టం. ఇనప చట్రంతో, గోడలతో, కిటికీలతో, కరెంటు తీగలతో సహా ఒక్కొక్క గదినీ యార్డులోనే తయారుచేసి, ట్రెయిలరు మీద ఎక్కించి, అవసరమైన చోట దించి, ఒకదానికొకటి అతుకుతాం. దాన్ని మాడ్యూల్ అంటారు. మేం డబ్బా అంటాం. కాపలా గదులూ, జాతరలకి మరుగుదొడ్లూ, కాంట్రాక్టర్ల ఆఫీసులూ ఇలా ఎన్నో పంపాం. నా పేరు కూర్మారావు. ఇల్లు వీపున పెట్టుకుని తిరిగే జీవి పేరు పెట్టినప్పుడే మా అమ్మానాన్నలు నా ఉద్యోగం ఖాయం చేసేశారని యార్డులో ఎగతాళి చేసేవాళ్ళు.

అలాంటి యార్డుకి ఒకరోజు విమానాశ్రయం వచ్చింది. పెద్దదేం కాదు, చిన్న విమానాలు దిగే చోట చిన్న టెర్మినల్. రన్‌వే వాడకంలోనే ఉంది కాబట్టి పక్కన నెలల తరబడి తవ్వకాలూ, దుమ్మూ, క్రేన్లూ కుదరవన్నారు. పైగా మాది తుఫాను దారి. తడి ఆరేలోపు ఇంకో వాన. అందుకని సగం పైన పని యార్డులోనే చేసి తీసుకెళ్ళి పెట్టాలి.

టెర్మినల్ గీసింది భువనేశ్వర్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు శర్మిష్ఠ మేడమ్. ఒడియా ఆవిడ. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే మాత్రం మాకు అర్థం కాదు. అందుకని ఆవిడ ఒడియాలో అడిగితే మేం తెలుగులో చెప్పేవాళ్ళం. ఇక్కడ అందరం అలాగే బతుకుతున్నాం కాబట్టి ఎవరికీ వింతగా ఉండదు. సముద్రపు అలలా ఉన్న పైకప్పు బొమ్మ నా ముందు పరిచి, "కూర్మా బాబు, ఎక్కడ కోద్దాం?" అంది.

"ఇంత అందంగా గీసి కొయ్యమంటే చెయ్యి రావడం లేదు మేడమ్."

"నీకు చెయ్యి రాకపోతే నాకు ట్రెయిలరు రాదు. కొయ్యి."

ఆవిడ మీద నాకు గౌరవం ఆ నిమిషంలోనే పుట్టింది. డబ్బాల పనిలో డిజైన్ అంటే సగం ఇదే. మొత్తం భవనాన్ని మనసులో కట్టుకుని, తర్వాత దాన్ని ఎక్కడ ముక్కలు చేస్తే మళ్ళీ అతుక్కుంటుందో చూసుకోవాలి. కట్టడం తెలిసినవాళ్ళు చాలామంది ఉంటారు. కట్టకముందే కొయ్యడానికి వేరే బుద్ధి కావాలి. ఆ బుద్ధి నాకుందో లేదో ఇప్పటికీ అనుమానమే.

మిఠాయి కొట్టు మలుపు

అన్నిటికన్నా పెద్ద డబ్బా రోడ్డు మీద పట్టి వెళ్తుందో లేదో తెలుసుకోవాలి. అందుకని అదే కొలతకి వెదుళ్ళతో చట్రం కట్టి, పాత గుడ్డలు చుట్టి, ట్రెయిలరు మీద పెట్టి యార్డు నుంచి బరంపురం దాకా తీసుకెళ్ళాం. వెదురు చట్రం పైన మా పెద్ద వెల్డరు డిల్లేశ్వరరావు కూర్చుని, కరెంటు తీగలు తగులుతాయేమోనని చూస్తున్నాడు. పురుషోత్తంపూర్ దగ్గర పల్లెటూరి మనిషి. మాటలు తక్కువ, పని నికరం. మేం డిల్లేసు అనేవాళ్ళం.

దారిలో ఒక ఊళ్ళో జనం ట్రెయిలరు ఆపేశారు. ఒక ముసలమ్మ కొంగు సర్దుకుని చేతులు జోడించింది.

"ఏ అమ్మోరు బాబూ ఇది? ఏ ఊరికి ఎల్తన్నాది?"

డిల్లేసు పైనుంచి, "ఇమానాల అమ్మోరు మామ్మా! బరంపురం ఎల్తన్నాది!" అన్నాడు.

ముసలమ్మ ఏమాత్రం తడబడలేదు. పూలు తెచ్చి ట్రెయిలరు మీద వేసింది. ఇంకెవరో కొబ్బరికాయ కొట్టారు. మేడమ్ కార్లోంచి దిగి చూసి, ఒక ముక్క ప్రసాదం తీసుకుని మళ్ళీ ఎక్కింది. మేం నవ్వుకున్నాం. ఇక్కడి జనం రోడ్డు మీద నెమ్మదిగా కదిలే ఎత్తైనదాన్ని దేన్నైనా ముందు మొక్కి తర్వాత పేరడుగుతారు. అది తెలిసి కూడా మేం దాన్ని డ్రాయింగులో ఎక్కడా రాసుకోలేదు.

ఊరు దగ్గర పడ్డాక ఒక మలుపులో మా వెదురు మూల వెళ్ళి మిఠాయి కొట్టు రేకుకి తగిలింది. కొట్టాయన రేకు తియ్యనన్నాడు. డబ్బా వెడల్పు తగ్గించాం. వెడల్పు తగ్గితే డబ్బాలు పెరిగాయి, డబ్బాలు పెరిగితే హాల్లో స్తంభాలు పెరిగాయి. ఇప్పుడు అక్కడికొచ్చే ప్రయాణికులు స్తంభాలు ఇంత దగ్గరగా ఉన్నాయేమిటని అడుగుతుంటారట. టెర్మినల్ డిజైన్ చేసింది మేడమా, నేనా, మిఠాయి కొట్టాయనా అని అడిగితే నేను మాట మార్చేస్తాను.

పసుపు రంగు ఎవరి ఆలోచన?

ఇక అసలు సంగతి.

గోడలు నాలుగువైపులా ఉన్న డబ్బా గట్టిగా ఉంటుంది. ఒకవైపు పెద్ద ద్వారం ఉంటే, ట్రెయిలరు గతుకుల్లో ఊగినప్పుడు ఆ ద్వారం మెలిపడుతుంది. మెలిపడకుండా దానికి అడ్డంగా, ఐమూలగా ఇనప పట్టీలు వెల్డు చేస్తాం. డబ్బా తన చోట కూర్చున్నాక వాటితో పని లేదు, కోసేస్తాం. ఇంతకుముందు ఒక పనిలో, ఏది కొయ్యాలో ఏది ఉంచాలో తెలియక, ఉండాల్సినదాన్ని కోసేశారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ కప్పు నడుం వంగిన ముసలాడిలా తయారైంది. కాబట్టి ఈసారి గట్టి నియమం పెట్టాం. ప్రయాణం కోసం పెట్టిన ప్రతి పట్టీకీ పసుపు రంగు. పసుపు కనిపిస్తే కొయ్యి, కనిపించకపోతే ముట్టుకోకు. భాష రానివాడికి కూడా అర్థమవుతుంది.

ఈ ఆలోచన నీదే అంటుంది మేడమ్. నేను ఆవిడదంటాను. మంచి జరిగి ఉంటే ఇద్దరం నాదంటే నాదని చెప్పుకునేవాళ్ళం.

ముఖద్వారం ఉన్న డబ్బా అన్నిటికన్నా ముఖ్యమైనది. ప్రయాణికులు పెట్టెలు తోసుకుంటూ వచ్చే ద్వారం అది. నేల ఎక్కడా ఎత్తు లేకుండా, చక్రాల కుర్చీ గలగలా దొర్లిపోయేలా ఉండాలి. దానికి కింది పట్టీ ఇలా వచ్చింది: గుమ్మానికి అడుగున, చీలమండ ఎత్తున, ఈ చివర నుంచి ఆ చివర దాకా, పచ్చగా. ఒకసారి కళ్ళు మూసుకుని ఊహించుకోండి. నేను కళ్ళు తెరుచుకుని ఉండి కూడా ఊహించలేదు.

పడవకి బొట్టు

యార్డులో రంగులు వేసే ఆడవాళ్ళ జట్టుకి పెద్ద ఎర్రమ్మ. ఆర్యపల్లి అనే జాలరి ఊరి మనిషి. వాళ్ళాయన సముద్రం మీదికి వెళ్తాడు, ఈవిడ మా మీదికి వస్తుంది. నాకన్నా వయసులో పెద్దది, అక్క వరసన అప్పా అని పిలుస్తాను కాబట్టి ఎన్ని మాటలన్నా పడాల్సిందే.

ముఖద్వారం డబ్బా బయలుదేరే రోజు పొద్దున్న వెళ్ళేసరికి, ఆ పసుపు పట్టీ పొడుగునా కుంకుమ బొట్లు. రెండు పక్కలా ముగ్గు. పైన మామిడాకులు.

"ఏంటప్పా ఇది?"

"బొట్టెట్టకండా పంపీత్తారేటి తమ్ముడా? మీ ఇంట్లో ఆడోళ్ళు నేరేటి సెప్పడానికి?"

"ఇది ఇల్లు కాదు కదప్పా. అక్కడికెళ్ళి అతికితేనే ఇల్లు."

"ఇల్లని ఎవులన్నారు? ఒడ్డున కట్టి ఇంకో కాడికి ఎల్లేదాన్ని ఏటంటారు? పడవంటారు. మా కాడ కొత్త పడవ నీల్లలోకి దిగీముందు పసుపు రాసి బొట్టెడతాం. మీరు పసుపు ముందే రాసీసినారు. నానొచ్చి బొట్టెట్టినాను."

ఇన్నేళ్ళలో డబ్బా అంటే ఏమిటో ఇంత బాగా ఎవరూ నాకు చెప్పలేదు. మేడమ్ చెప్పులు విప్పి దణ్ణం పెట్టింది. నేను ఫోటో తీశాను.

కొబ్బరికాయ కొట్టింది డిల్లేసు. మొదటి వెల్డు దగ్గర నుంచి ఆ డబ్బా అతని చేతి మీదే తయారైంది. కాయ కొట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎందుకో మాకు తెలుసు. అతని భార్య గౌరికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నెలలు నిండుతున్నాయి. బరంపురంలో ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని లంజిపల్లిలో వాళ్ళక్క ఇంట్లో పెట్టాడు. ఆ పట్టీ ముందు ఏం మొక్కుకున్నాడో ఎవరూ అడగలేదు. అడగాల్సిన పని లేదు.

కొయ్యనన్నాడు

డబ్బాలన్నీ చేరాయి. విమానాలు లేని వేళ చూసి క్రేన్‌తో ఒక్కొక్కటే దించి కూర్చోబెట్టాం. అతుకులు ఎంత బాగా కలిశాయంటే మాకే అనుమానం వచ్చి మళ్ళీ కొలుచుకున్నాం. ఆ తర్వాత డిల్లేసు జట్టు లోపలి నుంచి మొదలుపెట్టి పసుపు పట్టీలన్నీ కోసుకుంటూ ముందుకొచ్చింది. ముఖద్వారం దగ్గరికొచ్చి ఐమూల పట్టీలు కూడా కోసింది. కింది పట్టీ దగ్గర కోత మిషను ఆగిపోయింది.

నేను వెళ్ళేసరికి డిల్లేసు దూరంగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమైంది? బ్లేడు అరిగిందా?"

"నేదు మేస్త్రి బాబూ. నాను కొయ్యను."

"పసుపు రంగుంది కదరా. పసుపుంటే కొయ్యడమే కదా."

"పసుపుంది గాబట్టే కొయ్యను."

నాకు అప్పుడు కూడా అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నా నోరు జోకు వేస్తుంది, అదొక రోగం. "ఉంచుదాంలే అయితే. విమానం దిగినవాళ్ళందరూ కుడికాలు పెట్టి లోపలికొస్తారు, హారతి పళ్ళెం నువ్వు పట్టుకో" అన్నాను. జట్టంతా నవ్వింది. డిల్లేసు నవ్వలేదు.

"గౌరి కడుపుతో ఉన్నాది బాబూ. మా అమ్మ నన్ను గెడ్డం కూడా గియ్యొద్దన్నాది. సముద్రం నీల్లు ముట్టొద్దన్నాది. అలాటోడ్ని గడప కొయ్యమంటారేటి? రెండుపాలి పోనాది. ఈపాలి ఏటైనా అయితే ఎవుల్ని అడగమంటారు?"

నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. ఇంకొకరిని కొయ్యమన్నాను. డిల్లేసు కొయ్యనిది నేనెందుకు కొయ్యాలన్నాడు. ఒడియా కుర్రాణ్ణి అడిగాను. అతను అప్పటికే చెప్పులు విప్పేసి ఉన్నాడు.

ఇరకాటం ఎలాంటిదో చెబుతాను. మర్నాడు అద్దాల తలుపులు బిగించేవాళ్ళు దూరం నుంచి వస్తున్నారు. కింద పట్టీ ఉంటే తలుపు జరగదు. వాళ్ళు వెనక్కి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టిందని అప్పటికే చెబుతున్నారు. తలుపులు లేని ముఖద్వారంలోంచి వాన వస్తే లోపల కప్పూ, నేలా, తీగలూ అన్నీ పోతాయి. యార్డు పేరు కూడా వాటితోనే పోతుంది. అటుపక్క అదీ, ఇటుపక్క ఒక మనిషి భయం. ఏది పెద్దదో తూచే కాటా నా దగ్గర లేదు.

సావుకారు గారు ఫోనులో, "వాణ్ణి పక్కన పెట్టు, ఇంకొకణ్ణి పంపుతాను" అన్నారు. మేడమ్ ఫోను నా చేతిలోంచి తీసుకుని, "ఆయన కట్టినదాన్ని ఆయనకి ఇష్టం లేకుండా ఇంకొకరి చేత కోయించను" అని పెట్టేసింది. తర్వాత వచ్చి డిల్లేసు పక్కన నేల మీద కూర్చుంది.

"ఇంట్లో పాత గడప పుచ్చిపోతే ఏం చేస్తారు?"

"తీసీత్తారు మేడమ్. కడుపుతో ఉన్న మనిషి ఉండగా మాత్రం తియ్యరు."

"పైన చిన్న వాలు కడితే?" అని నన్ను అడిగింది.

"తలుపు మూసుకోదు."

"నేలంతా ఎత్తు చేస్తే?"

"విమానం దాకా చెయ్యాలి మేడమ్."

ఆవిడ నవ్వలేదు. నేను జోకు వెయ్యలేదు కూడా, నిజమే చెప్పాను. ఆర్డరు వెయ్యగలిగి కూడా వెయ్యని పెద్దని నా ఉద్యోగంలో ఆవిడ ఒక్కదాన్నే చూశాను. అది మంచితనమా, ఏం చెయ్యాలో తెలియకపోవడమా అని తర్వాత అడిగితే, "రెండూ" అంది.

చివరికి నేను ఎర్రమ్మకి ఫోను చేశాను. బొట్టు పెట్టిన మనిషే వచ్చి తియ్యాలని నా లెక్క.

గౌరి వచ్చింది

మర్నాడు మధ్యాహ్నం ఎర్రమ్మ ఆటోలో దిగింది. అద్దాల వాళ్ళు అప్పటికే వచ్చి, నీడన టీ తాగుతూ మమ్మల్ని వింతగా చూస్తున్నారు. ఎర్రమ్మ వెనకాల, చేతిలో అన్నం క్యారేజీతో గౌరి. రోజూ గేటు దగ్గరే ఇచ్చేసి వెళ్ళిపోయే మనిషి.

"ఎండలో నిలబడిపోనాది పిల్ల. లోపలికి రమ్మన్నాను" అంది ఎర్రమ్మ. వచ్చీ రాగానే డిల్లేసు మీద పడింది. "బొట్టెట్టింది నాను. నాను పడవకెట్టినాను. నీకది గడపెలగయిపోనాదిరా?"

"నువ్వెట్టింది పడవకే అప్పా. నాను మొక్కింది గడపకి."

ఎర్రమ్మ నోరు మూతపడటం నేను చూసింది ఆ ఒక్కసారే. కాసేపు పట్టీని చూసింది. కొంగు తడిపి కుంకుమ బొట్లన్నీ తుడిచేసింది. మామిడాకులు తీసేసింది. "ఇప్పుడు?" అంది.

"బొట్టు పోనాది. మొక్కు పోతాదేటి?" అన్నాడు డిల్లేసు.

మేడమ్ తలుపుల వాళ్ళ వైపు చూస్తోంది. సముద్రం వైపు ఆకాశం బూడిద రంగులో ఉంది.

గౌరి మాత్రం మమ్మల్ని ఎవర్నీ పట్టించుకోలేదు. నడుం మీద చెయ్యి వేసుకుని హాలు లోపలికి తొంగి చూసింది.

"కాళ్ళు లాగీతన్నాయి. ఇంత పెద్ద ఎయిరుపోర్టులో కూకోడానికి ఒక కుర్సీ నేదేటి?"

లేదు. కుర్చీలు ఇంకా రాలేదు.

గౌరి ఇటూ అటూ చూసింది. చీర కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని, ద్వారబంధం పట్టుకుని, నెమ్మదిగా ఆ పసుపు పట్టీ మీద కూర్చుంది.

"ఓలమ్మో!" ఎర్రమ్మ అరిచింది. "లెగవే! లెగు! గడప మీద కూకోకూడదు!"

"పడవన్నావు గదప్పా?"

డిల్లేసు రెండడుగులు ముందుకేసి, ఆమెని లేపడానికి చెయ్యి చాపి, ముట్టుకోవడానికి భయపడి ఆగిపోయాడు.

"లెగు గౌరీ. నీకు దణ్ణమెడతాను."

"ఎందుకు మావా?"

"గడప..."

"ఏ ఇంటి గడప? దీనెనకాల పొయ్యేది? దేముడి మూలేది? నువ్వు రాత్రి ఎక్కడ తొంగుంటావు ఇందులో?" ఒక చేత్తో కడుపు మీద రాసుకుంటూ, ఇంకో చేత్తో క్యారేజీ గిన్నెలు విప్పుతోంది. "నానూ నీ గుంటా ఇద్దరం కూకున్నాం. ఏటైనా అయినాదేటి? అవ్వనేదు గదా. రా, పులుసు సల్లారిపోతాది."

అద్దాల వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. డిల్లేసు కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని ఆమెనే చూశాడు. చాలాసేపటికి వచ్చి, పట్టీ మీద ఆమె పక్కన, సగం పైనా సగం గాల్లోనా కూర్చున్నాడు. ఆమె కలిపి పెట్టింది. తిన్నాడు.

తిన్నాక చెయ్యి కడుక్కుని, "దూరం జరుగు, నిప్పురవ్వలు పడతాయి" అన్నాడు.

ఆమె లేచి ఎర్రమ్మ చెయ్యి పట్టుకుని నీడకి వెళ్ళింది. అతను మిషను తెచ్చాడు. మొదలుపెట్టే ముందు మేడమ్ వైపు తిరిగి ఒకే మాట అడిగాడు. "ఈ ముక్క తుక్కులో ఎయ్యొద్దు. నాకిచ్చీండి."

గేటు దగ్గర దాన్ని బయటికి తీసుకెళ్ళడానికి ఏం చెప్పాలో మాకు తెలియలేదు. తుక్కంటే డిల్లేసుకి కోపం, గడపంటే కాపలావాళ్ళకి అనుమానం. మేడమ్ "నాది" అని తన కారెక్కించి పంపేసింది.

సాయంత్రానికి తలుపులు జరగడం మొదలైంది. వాయుగుండం దారి మార్చుకుని ఇంకెక్కడికో పోయింది. ఒక్క చినుకు పడలేదు. అంత హడావిడి ఎందుకు పడ్డామో మాకే తెలియలేదు.

మీకు చెప్పాల్సింది

అప్పటి నుంచి ప్రయాణపు పట్టీలు వెల్డు చెయ్యడం మానేశాం. బోల్టులతో బిగిస్తాం. విప్పడం వేరు, కొయ్యడం వేరని డిల్లేసు దగ్గర నేర్చుకున్నాను. రంగు నీలం చేశాం. ఎవరో ఆకుపచ్చ అన్నారు, మామిడాకులు గుర్తొస్తాయని నేనే వద్దన్నాను. మీరు ఏ గుర్తు పెట్టినా, దాన్ని చదివే మనిషి ఇంట్లో ఆ గుర్తు ఇప్పటికే దేనికి పెట్టుకున్నారో ముందు కనుక్కోండి. ఒక మనిషి కొయ్యనన్నప్పుడు జోకు వెయ్యకండి. ఈ రెండూ నాకు గట్టిగా తెలుసు. మిగిలింది తెలియదు.

గౌరి ఆ రోజు కావాలనే అక్కడ కూర్చుందా, నిజంగా కాళ్ళు లాగి కూర్చుందా? ముందు రాత్రి డిల్లేసు ఆమెకి ఇదంతా చెప్పాడా? ఎర్రమ్మని అడిగితే, "ఆడోళ్ళ సంగతి నీకెందుకు తమ్ముడా" అంది. మేడమ్‌ని అడిగితే కుర్చీలు ముందే తెప్పించాల్సిందంది. డిల్లేసుని అడిగే ధైర్యం నాకు లేదు.

పాప పుట్టింది. కొన్నాళ్ళకి చూడ్డానికి పురుషోత్తంపూర్ అవతల వాళ్ళ ఊరు వెళ్ళాను. కొత్తగా వేసిన ఇల్లు, రెండు గదులు. వీధిగుమ్మానికి కింద సిమెంటులో దిగేసి మా ఇనప పట్టీ. మా పసుపు రంగు మీద అసలు పసుపు, దాని మీద కుంకుమ. వెల్డు కోసిన చివరలు నున్నగా సానపట్టి ఉన్నాయి. అది అంత పొడుగు ఉండకూడదే అని చూస్తే, పట్టీని కొయ్యడం ఇష్టం లేక గుమ్మాన్నే దాని కొలతకి పెద్దది చేశాడు. రెండు గదుల ఇంటికి ఎయిర్‌పోర్టంత ద్వారం.

బూట్లు విప్పుకుందామని దాని మీద కూర్చున్నాను. అరవై దాటిన మోకాళ్ళు, ఏం చెయ్యను. లోపలి నుంచి గౌరి పాపనెత్తుకుని పరుగున వచ్చింది.

"అయ్యో మావయ్యగారూ! గడప మీద కూకోకూడదండి. లెగండి, లెగండి!"

నేను డిల్లేసు వైపు చూశాను. అతను పెరట్లో కోళ్ళని చాలా శ్రద్ధగా లెక్కపెట్టుకుంటున్నాడు.

లేచి నిలబడ్డాను.